పెట్టెలో దాచిన భూమి: సులీమా కుటుంబ కాగితాలు

అందరికీ నమస్కారం.

మా తాతగారి ట్రంకుపెట్టెతో మొదలుపెడతాను. ఆయన పోయాక తెరిచి చూస్తే ఒక్క ఉత్తరం లేదు, డైరీ లేదు. శిస్తు రసీదులు, రెండు అమ్మకపు దస్తావేజులు, గట్టు తగాదాలో గెలిచిన కోర్టు కాపీ ఒకటి, చెదలు పట్టకుండా మధ్యలో ఎండిన వేపాకు. అంతే. మనిషి ఎలాంటివాడో ఆ పెట్టె చెప్పదు. దేన్ని పోగొట్టుకుంటానని భయపడ్డాడో మాత్రం బాగా చెబుతుంది.

యుక్రెయిన్‌లో కొసాక్కులనే స్వతంత్ర యోధుల వర్గం ఉండేది. వాళ్ళ పెద్దల ఇళ్ళలో దొరికిన కాగితాలు చదువుతున్నప్పుడు నాకు ఆ పెట్టే గుర్తొచ్చింది. ఈరోజు వాటిలో సులీమా అనే ఒక కుటుంబం గురించి చెబుతాను. 1884లో కీవ్‌లో వాళ్ళ కాగితాలు ‘సులీమోవ్‌స్కీ ఆర్కైవ్’ పేరుతో అచ్చయ్యాయి. స్కోరూపా, వోయిత్సెఖోవిచ్ అనే మరో రెండు కుటుంబాలవీ అందులోనే ఉన్నాయి. అన్నీ 17, 18 శతాబ్దాల కాగితాలు.

ఈ వంశంలో పేరు మోసినవాడు ఇవాన్ సులీమా. ద్నీపర్ నది దిగువన కొసాక్కులను కట్టడి చేయడానికి, అప్పట్లో ఆ ప్రాంతాన్ని ఏలుతున్న పోలండ్ ప్రభుత్వం 1635లో కోదాక్ దగ్గర కోట కట్టించింది. కట్టింది బోప్లాన్ అనే ఫ్రెంచి ఇంజనీరు. కోట పూర్తయి నెలలైనా కాకముందే ఇవాన్ సులీమా మనుషులతో వచ్చి దాన్ని నేలమట్టం చేశాడు. అదే ఏడాది డిసెంబరులో వార్సాలో అతన్ని చంపి, శరీరాన్ని నాలుగు ముక్కలు చేశారు. అంతకుముందు ఒక తురుష్క ఓడను పట్టుకుని అందులోని బందీలను రోముకు తీసుకెళితే పోప్ ఐదవ పాల్ బంగారు పతకం ఇచ్చాడని ఒక కథ ఉంది. కథ భలేగా ఉంటుంది కాబట్టి అందరూ అక్కడే ఆగిపోతారు. నాకు ఆసక్తి ఆయన మీద కాదు, ఆయన తర్వాత వచ్చినవాళ్ళ మీద.

1648లో పోలండ్ మీద కొసాక్కులు చేసిన తిరుగుబాటు తర్వాత ద్నీపర్‌కు ఎడమ ఒడ్డున కొసాక్కులదే పాలన. దాని అధిపతి హెట్‌మన్. కింద రెజిమెంట్లు, వాటికి కల్నల్‌లు, ఆ కింద శతాధిపతులు. ఈ పెద్దల వర్గాన్ని స్టార్షినా అనేవారు. జీతం బదులు ఊళ్ళు ఇచ్చేవారు. ఊరు ఇస్తూ హెట్‌మన్ రాసిచ్చే ఉత్తర్వు పేరు ‘యూనివర్సల్’. పెద్ద కాగితం, చివర హెట్‌మన్ స్వహస్తంతో సంతకం, దాని పక్కన ముద్ర. ముద్రలో భుజాన తుపాకీ పెట్టుకున్న కొసాక్కు నిలబడి ఉంటాడు.

ఇలాంటి యూనివర్సల్‌లలో మళ్ళీ మళ్ళీ కనిపించే రెండు మాటలు గమనించండి. ఒకటి: ఊరి జనం ఫలానా పెద్దమనిషికి ‘విధేయత’ చూపాలి, ఆ ఊళ్ళోని కొసాక్కులు తప్ప. అంటే రైతు వెట్టి చేయాలి, కొసాక్కు చేయనక్కర్లేదు. రెండోది: ఈ ఊరు ‘సైన్యం దయ ఉన్నంతవరకు’ మాత్రమే. పదవి పోతే ఊరూ పోతుంది. ఇక కుటుంబాలు ఏం చేశాయి? ప్రతి కొత్త హెట్‌మన్ దగ్గరికీ వెళ్ళి పాత కాగితం చూపించి కొత్తది రాయించుకునేవి. అలా రాయించుకుంటూ పోగా, కొంతకాలానికి ‘దయ ఉన్నంతవరకు’ అన్న మాట జారిపోయి ‘శాశ్వతంగా, వంశపారంపర్యంగా’ అన్న మాట వచ్చి కూర్చుంది. ఒక ఇంటి కాగితాలను వరసగా పేర్చి చదివితే ఆ మార్పు కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. యుద్ధాలన్నిటికంటే నాకు ఇదే పెద్ద ఘటన అనిపిస్తుంది.

కాలక్రమంలో ఎడమ ఒడ్డు రష్యా జార్ ఏలుబడి కిందికి వచ్చింది. 1708లో రష్యా సేనలు హెట్‌మన్ రాజధాని బతూరిన్‌ను తగలబెట్టాయి. ప్రభుత్వ కాగితాలు చాలావరకు అలాగే పోయాయి. దాంతో ఇళ్ళలో దాచుకున్న కట్టల విలువ ఇంకా పెరిగింది.

తర్వాత అసలు టెన్షన్ మొదలైంది. 1764లో రష్యా రాణి కేథరీన్ హెట్‌మన్ పదవినే ఎత్తేసింది. ఆ మరుసటేడు నుంచి ఎడమ ఒడ్డంతా భారీ సర్వే జరిగింది, ఎవరి భూమి ఎలా వచ్చిందో కాగితం చూపమన్నారు. 1783లో రెజిమెంట్లు పోయాయి, రైతులు భూమికి కట్టుబడ్డ దాసులయ్యారు. 1785లో కులీనుల హక్కుల పత్రం వచ్చింది. ఇక కులీనుడివని నిరూపించుకుంటే ఊళ్ళూ దాసులూ నీవే. లేకపోతే నువ్వూ మామూలు మనిషివే.

సులీమాల్లో సెమ్యోన్ అనే ఆయన పెరెయాస్లావ్ రెజిమెంటుకు కల్నల్‌గా పాతికేళ్ళకు పైగా చేశాడు, అతని కొడుకు యకీం జనరల్ జడ్జి. వాళ్ళకు పెద్ద ఇబ్బంది ఉండకపోవచ్చు. చిన్నవాళ్ళ సంగతి అలా కాదు. రష్యా రాజధాని పీటర్స్‌బర్గ్‌లోని అధికారులు కొసాక్కు పదవులను కులీనత్వంగా ఒప్పుకోలేదు. దాంతో తమ పూర్వీకులు పోలండ్ రాజు కాలం నుంచే కులీనులని చాలామంది అర్జీలు పెట్టుకున్నారు. ఏ రాజు మీదైతే తాతలు కత్తి దూశారో ఆ రాజు కొలువులోనే తాత కోసం వెతుకులాట! దొరకనివాళ్ళకు బెర్దిచేవ్ పట్టణంలో వంశవృక్షాలు డబ్బుకు తయారు చేసిపెట్టేవారని చెప్పుకునేవారు. కొసాక్కు పదవులు కూడా కులీనత్వానికి చెల్లుతాయని ప్రభుత్వం ఒప్పుకున్నది 1835లో, అదీ కింది ర్యాంకులను వదిలేసి. ఈ యాభై ఏళ్ళ అర్జీల కోసం పోగుచేసిన కాగితాలే తర్వాత యుక్రెయిన్ చరిత్రకారులకు ముడిసరుకు అయ్యాయి. చరిత్ర మీద ప్రేమతో దాచినవి తక్కువే.

వాటిని అచ్చుకు తెచ్చినవారిలో ముఖ్యుడు అలెగ్జాండర్ లజరేవ్‌స్కీ. కోనోతోప్ దగ్గర పల్లెలో చిన్న కొసాక్కు కుటుంబంలో పుట్టాడు. దాసుడిగా పుట్టి మహాకవి అయిన షెవ్‌చెంకోకు అతని అన్నలు ఆప్తులు. లజరేవ్‌స్కీ ఉద్యోగం న్యాయశాఖలో. అందుకేనేమో పెద్దల కాగితాలను అభిమానిలా కాకుండా ఎదుటి పక్షం వకీలులా చదివాడు. ఈ భూమి అంతకుముందు ఎవరిది? అదే అతని ప్రశ్న. పెద్దల మీద మరీ కఠినంగా ఉన్నాడని ఆ కాలంలోనే విమర్శలు వచ్చాయి. నాకు మాత్రం ఆయన చదివిన తీరే నచ్చుతుంది. ఎందుకో చెప్పి ముగిస్తాను.

ఇలాంటి కట్టల్లో యూనివర్సల్‌ల కంటే అమ్మకపు పత్రాలే ఎక్కువ. కొసాక్కుల భూములు కొనకూడదని 1739లో నిషేధం వచ్చింది. అయినా కొంటూనే ఉన్నారు. పత్రం తీరు అన్నిచోట్లా ఇంచుమించు ఒకటే: ఫలానా కొసాక్కునైన నేను, నా ఇష్టపూర్వకంగా, ఎవరి బలవంతం లేకుండా, చెరువు పక్క పొలాన్ని పెద్దమనిషికి ఇన్ని రూకలకు అమ్మాను. మన దస్తావేజుల్లోనూ ఈ ‘ఇష్టపూర్వకంగా’ ఉంటుంది కదా, ఎంత ఇష్టమో మనకు తెలుసు. కింద సాక్షులుగా శతాధిపతి, ఊరి పెద్ద. అమ్మినవాడికి రాత రాదు, కాబట్టి అతని బదులు ఇంకెవరో పేరు రాస్తారు, అతను చెయ్యి తాకిస్తాడు.

పొలం కొన్నవాళ్ళ వంశవృక్షం ఏడెనిమిది తరాల వరకు మనకు దొరుకుతుంది. అమ్మినవాడి పేరు చాలాసార్లు ఆ ఒక్క కాగితం మీదే ఉంటుంది. అదీ వేరేవాళ్ళ చేతిరాతలో, కొన్నవాళ్ళ పెట్టెలో.