గ్రీసు అప్పు, చిత్తూరు గుజ్జు: ప్రపంచ ఆర్థిక అంచనాలను ఎలా చదవాలి?

[తెర మీద: చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేటు. తోతాపురి కాయలతో బారులు తీరిన ట్రాక్టర్లు.]

నమస్కారం అండీ. ఎక్కడో యూరప్‌లో ఒక దేశం అప్పు తీర్చలేకపోతే బంగారుపాళ్యం మండీలో కాయ ధరకేమవుతుంది? ఈ వీడియోలో అదే చూద్దాం. ముందు వడ్డీతో మొదలుపెడతాను, అది మనకు బాగా తెలిసిన లెక్క.

మన పక్క వడ్డీ శాతాల్లో చెప్పం కదా. నూటికి రూపాయి, రెండు రూపాయలు అంటాం, అదీ నెలకు. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం. బాండు అంటే ప్రభుత్వం రాసిచ్చే ప్రోనోటు అనుకోండి. 2012 మొదట్లో గ్రీసు పదేళ్ల బాండ్ల మీద వడ్డీ 30 శాతం దాటింది. అంటే రెండున్నర రూపాయల పైమాటే. ఒక దేశానికి! సంక్షోభానికి ముందు అదే గ్రీసుకు నలభై పైసల లోపు వడ్డీకే అప్పు పుట్టేది. యూరో వాడుతోంది కాబట్టి జర్మనీ ఎంత నమ్మకమో గ్రీసూ అంతే అనుకుని ఇచ్చారు.

[తెర మీద: యూరప్ పటం. గ్రీసు, ఐర్లాండ్, పోర్చుగల్, స్పెయిన్, ఇటలీ ఒకదాని తరవాత ఒకటి ఎర్రబడతాయి.]

2009 అక్టోబరులో అక్కడ కొత్త ప్రభుత్వం వచ్చి పాత లెక్కలు తప్పని తేల్చింది. ప్రభుత్వ లోటు, అంటే రాబడికి మించిన ఖర్చు, జీడీపీలో (దేశం ఏడాది ఉత్పత్తి విలువలో) 12 శాతం పైనే ఉందంది. తరవాత సరిచూస్తే అది 15 శాతం. అంతే, అప్పిచ్చినవాళ్ల గుండెల్లో రాయి పడింది. 2010 మేలో గ్రీసుకు 11,000 కోట్ల యూరోల రుణ ప్యాకేజీ, ఆ ఏడాది నవంబరులో ఐర్లాండ్‌కు 8,500 కోట్లు, 2011లో పోర్చుగల్‌కు 7,800 కోట్లు. యూరో దేశాల ఆర్థిక వ్యవస్థలో గ్రీసు వాటా రెండు, మూడు శాతమే. అయినా అందరూ ఎందుకు వణికారంటే, ఆ ప్రోనోట్లు చాలామటుకు యూరప్ బ్యాంకుల బీరువాల్లోనే ఉన్నాయి. 2012 మార్చిలో ప్రైవేటు రుణదాతలు అసలులో సగానికి పైగా వదులుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు మన గేటు దగ్గరికి వద్దాం.

[తెర మీద: డ్రమ్ములోని సంచిలోకి గుజ్జు నింపుతున్న దృశ్యం.]

ఈ డ్రమ్ములో పట్టేది 215 కిలోల గుజ్జు. చెన్నై రేవు మీదుగా గల్ఫ్‌కు, యూరప్‌కు పోతుంది, అక్కడ జ్యూసుల్లో, పెరుగుల్లో కలుస్తుంది. చాలామంది గమనించనిది ఒకటుంది. ఫ్యాక్టరీ కాయ కొనేది జూన్, జూలైల్లో, బ్యాంకు అప్పుతో. గుజ్జు అమ్ముకునేది ఆ తరవాత ఏడాది పొడుగునా. కాబట్టి జూన్‌లో గేటు దగ్గర రైతుకు చెప్పే కిలో ధరలోనే వచ్చే ఏడాది ప్రపంచం ఎలా ఉంటుందన్న అంచనా దాగి ఉంటుంది. పాత డ్రమ్ములు గోడౌన్‌లో మిగిలుంటే ఆ అంచనా ఇంకా కిందికి పోతుంది. అంచనా తప్పితే దెబ్బ ఎవరికి ముందు తగులుతుందో ట్రాక్టరు మీద రెండు రాత్రులు పడుకున్న రైతునడగండి.

సంక్షోభం ఇక్కడికి మూడు దారుల్లో వస్తుంది. కొనేవాడు సరుకు తగ్గించుకోవడం మొదటిది, అది అందరికీ తెలిసిందే. రెండోది బ్యాంకు దారి. 2011 చివర్లో యూరప్ బ్యాంకులు తమ మూలధనం కాపాడుకోవడానికి బయటి దేశాలకిచ్చే అప్పులు బిగించాయి. కొనేవాడి దగ్గర డబ్బున్నా, అతని బ్యాంకు ఎల్‌సీ, అంటే సరుకు డబ్బుకు తనది పూచీ అని రాసిచ్చే కాగితం, ఇవ్వడానికి జంకితే కంటైనర్ కదలదు.

మూడోది రూపాయి. భయం పుట్టగానే పెట్టుబడులు డాలర్లలోకి పరుగెత్తాయి. 2011 జూలైలో 44 రూపాయల చిల్లర ఉన్న డాలరు డిసెంబరుకు 54 తాకింది. ఉదాహరణకు డ్రమ్ము 200 డాలర్లయితే 8,800 వచ్చేచోట 10,800 వస్తుంది. ఎగుమతిదారుకు పండగే కదా అంటారా? కొనేవాడూ పేపరు చదువుతాడు, ఆ తేడాలో తన వాటా అడుగుతాడు. పైగా 2012 మేలో పెట్రోలు ధర ఒక్క దెబ్బకు లీటరుకు ఏడున్నర రూపాయల దాకా పెంచారు, కంపెనీలు చూపించిన కారణం రూపాయి పతనమే. అయినా మనకు ఆ వెసులుబాటన్నా ఉంది. గ్రీసుకు పడిపోవడానికి సొంత కరెన్సీయే లేదు. అందుకే అక్కడ పడిపోయినవి జీతాలు, పింఛన్లు, ఉద్యోగాలు. 2013లో నిరుద్యోగం 27 శాతం దాటింది.

[తెర మీద: ఐఎంఎఫ్ అంచనాల పట్టిక.]

ఇక అంచనాల సంగతి. ఐఎంఎఫ్, అంటే అంతర్జాతీయ ద్రవ్య నిధి, ఏప్రిల్‌లో, అక్టోబరు ప్రాంతంలో ప్రపంచ ఆర్థిక పరిస్థితి మీద పూర్తి నివేదిక ఇస్తుంది, జనవరి, జూలైల్లో సవరణలు. 2012లో ప్రపంచ వృద్ధి 4 శాతమని 2011 సెప్టెంబరులో చెప్పింది. నాలుగు నెలలకే 3.3కు దించింది. యూరో దేశాలు పెరగవు, అర శాతం కుంచించుకుపోతాయంది.

ఎందుకు తప్పింది? దీనికి జవాబు ఐఎంఎఫే ఇచ్చింది, నాకు ఈ మొత్తం కథలో బాగా నచ్చిన ఘట్టం ఇదే. అప్పటి ముఖ్య ఆర్థికవేత్త ఒలివియే బ్లాంషార్ ఆధ్వర్యంలో 2012 అక్టోబరు నివేదికలో ఒక చిన్న బాక్సు వేశారు. ప్రభుత్వం ఒక యూరో ఖర్చు తగ్గిస్తే ఉత్పత్తి అర యూరో తగ్గుతుందని అంచనాల్లో అనుకున్నారట. జరిగిన నష్టం 0.9 నుంచి 1.7 యూరోల దాకా ఉంది. ఒకరి ఖర్చే ఇంకొకరి ఆదాయం. అందరూ ఒకేసారి బిగిస్తే, పొరుగువాడూ బిగిస్తే, వడ్డీ తగ్గించడానికి కూడా చోటు లేకపోతే, పొదుపు చేసినకొద్దీ జీడీపీతో పోలిస్తే అప్పు బరువు పెరిగింది.

మరి వేడి ఎలా తగ్గింది? 2012 జూలై 26న లండన్‌లో, యూరో దేశాల ఉమ్మడి కేంద్ర బ్యాంకుకు అప్పటి అధ్యక్షుడు మారియో ద్రాగి, యూరోను కాపాడటానికి తన పరిధిలో ఎంతకైనా సిద్ధమన్నారు. సెప్టెంబరులో బాండ్లు కొనే పథకం ప్రకటించారు. ఆ పథకం కింద ఒక్క యూరో కూడా ఖర్చు పెట్టలేదు! కొంటారన్న నమ్మకానికే స్పెయిన్, ఇటలీ వడ్డీలు దిగొచ్చాయి.

[తెర మీద: పట్టికలో కుడివైపు గడులు పెద్దవవుతాయి.]

ఈసారి నివేదిక వచ్చినప్పుడు మొదటి పట్టిక తెరవండి. పేపర్లలో హెడ్డింగయ్యే పెద్ద అంకెను కాసేపు పక్కన పెట్టి కుడివైపు గడులు చూడండి. పోయినసారి చెప్పినదానికి ఇప్పటికి తేడా ఎంతో అక్కడ ఉంటుంది. అందులో మైనస్ గుర్తులు వరసగా రెండు మూడు నివేదికల్లో కనిపిస్తుంటే, గుజ్జు కొనే దేశాల వరసలోనూ అవే ఉంటే, జూన్ ధర మాట్లాడుకునేటప్పుడు ఫ్యాక్టరీవాళ్లు ఆ కాగితం చూసే వచ్చారనుకోండి. రైతు సంఘం దగ్గరా ఒక ప్రతి ఉండాలి. నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది.