వాళ్ళు నడిచిన ప్రతి మీటరుకీ పది యూరోలు

అందరికీ నమస్కారం. వెనకాల వినిపిస్తోందా? సరే.

ద్వేషపు మాటలు రాసిన అట్టలు పట్టుకుని ఊరేగే ఆ గుంపు వచ్చే శనివారం మన ఊరికి వస్తోందని తెలిసిన దగ్గర్నుంచి వాట్సాప్ గ్రూపు ఎలా ఉందో చూస్తూనే ఉన్నారు. వెళ్ళి నాలుగు తగిలిద్దాం అనేవాళ్ళు కొందరు, తలుపులేసుకుని కూర్చుందాం అనేవాళ్ళు కొందరు. టెన్షన్ నాకూ ఉంది. 2017లో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం ఒలేతేలో మన హైదరాబాద్ ఇంజనీరును "మా దేశం నుంచి పొండి" అని అరిచి మరీ కాల్చి చంపారు, అది ఎవరం మర్చిపోలేదు. కానీ తుపాకీతో వచ్చేవాడు వేరు, అట్ట పట్టుకుని వచ్చేవాడు వేరు. మొదటివాడి సంగతి పోలీసులు చూడాలి. నేను మాట్లాడేది రెండోవాడి గురించి.

అదే కాన్సాస్‌లో, టొపీకాలో, వెస్ట్‌బరో బాప్టిస్ట్ చర్చి అని ఒకటుంది. పేరుకే చర్చి, అందులో చాలామంది ఒకే కుటుంబం వాళ్ళు. గేలను దేవుడు ద్వేషిస్తాడని అట్టల మీద రాసుకుని ఊరూరా తిరుగుతారు, అంత్యక్రియల దగ్గర కూడా నిలబడతారు. ఎద్దు పుండు కాకికి ముద్దు అంటారే, అలాగ. ఇరాక్‌లో పోయిన ఒక సైనికుడి అంత్యక్రియల దగ్గర ఇలాగే చేస్తే తండ్రి కోర్టుకెళ్ళాడు. కేసు నడుస్తుండగానే అప్పీలు కోర్టు ఆ చర్చి వాళ్ళ ఖర్చులు 16,510 డాలర్లు ఆయన్నే కట్టమంది, 2011లో సుప్రీంకోర్టు కూడా 8–1తో చర్చి వైపే తీర్పిచ్చింది. కొడుకు పోయి, పైగా బిల్లు! చదివినప్పుడు నాకు ఒళ్ళు మండింది. అందుకే కోర్టు ఆపుతుందన్న ఆశ పెట్టుకోకండి, చెయ్యి చేసుకుంటే కేసు మన మీదే పడుతుంది, వాళ్ళకు కావలసిన వీడియో వాళ్ళకు దొరుకుతుంది.

ఇప్పుడు జర్మనీ వెళ్దాం. బవేరియాలో వున్సీడెల్ అని చిన్న ఊరు. హిట్లర్ కుడిభుజం రుడాల్ఫ్ హెస్ సమాధి అక్కడ ఉండేది, 2011లో తీసేశారు. తీసేసినా నియో నాజీలు ఏటా ఊరేగింపుకి రావడం మానలేదు. ఊరివాళ్ళు ఎన్నేళ్ళని తిడతారు? 2014 నవంబరులో ఏం చేశారంటే, వాళ్ళు నడిచే ప్రతి మీటరుకీ పది యూరోల చొప్పున, నాజీ ముఠాలు వదిలి బయటపడాలనుకునేవాళ్ళకి సాయం చేసే 'ఎగ్జిట్ డాయిష్‌లాండ్' సంస్థకు విరాళం ఇస్తామని ముందే చందాలు పోగేసుకున్నారు. వచ్చినవాళ్ళకి నడక మొదలయ్యాక గానీ సంగతి తెలియలేదు. రోడ్డు మీద ఎంత నడిచారో, ఎంత పోగైందో గుర్తులు. దారిలో ఒక బల్ల మీద అరటిపళ్ళు, దానికి 'మైన్ మాంఫ్' అని బోర్డు. హిట్లర్ పుస్తకం 'మైన్ కాంఫ్' (నా పోరాటం) పేరు మీద వెటకారం, మన భాషలో 'నా మెక్కుడు' అనుకోండి. చివర్న రంగురంగుల కాగితం ముక్కలు చల్లి స్వాగతం. మొత్తం పదివేల యూరోలు తమకే వ్యతిరేకంగా సంపాదించి పెట్టారు పాపం. ఆగిపోతే ఓడినట్టు, నడిస్తే విరాళం!

ఆ తర్వాత కూడా ఊరేగింపులు ఆగలేదు, అది కూడా చెప్పాలి.

ఎగతాళి చేసే సందర్భం కాకపోతే? 1998లో అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో మాథ్యూ షెపర్డ్ అనే 21 ఏళ్ళ విద్యార్థి గే అని కంచెకు కట్టేసి కొట్టారు, కొన్ని రోజులకి చనిపోయాడు. అంత్యక్రియలకీ ఆ వెస్ట్‌బరో చర్చి వాళ్ళు వచ్చారు, మరుసటి ఏడాది అక్కడి లారమీ ఊళ్ళో నిందితుడి విచారణకీ వచ్చారు. అప్పుడు అతని స్నేహితురాలు రోమెయిన్ ప్యాటర్సన్, ఇంకొందరు తెల్ల దుప్పట్లు, ప్లంబింగ్ పైపులతో పెద్ద పెద్ద దేవదూత రెక్కలు చేసుకుని, తగిలించుకుని, వాళ్ళకు వీపు పెట్టి అడ్డంగా నిలబడ్డారు. ఒక్క మాట మాట్లాడలేదు. అట్టలు రెక్కల వెనక్కి పోయాయి. 2016లో అమెరికాలోనే ఓర్లాండోలో గే క్లబ్బు కాల్పుల తర్వాత అంత్యక్రియల దగ్గర కూడా ఇలాంటి రెక్కలే కనిపించాయి.

మనకి చందానా, రెక్కలా, రెండూనా? మీరే తేల్చండి. పైపులు నేను తెస్తాను. తెల్ల దుప్పట్లు ఎవరింట్లో ఎన్ని ఉన్నాయో వెళ్ళేముందు అక్కడ బల్ల దగ్గర రాసి వెళ్ళండి.