స్కోరు షీటులో మూడు నంబర్లు: ఏది ఎవరిది?

[దృశ్యం: కావలి దగ్గర ఒక హైస్కూలు గ్రౌండ్, ఉదయం ఏడున్నర. వేపచెట్టు కింద బల్ల. స్కోరు షీటు గాలికి ఎగరకుండా పైన సాఫ్ట్‌బాల్ పెట్టారు.]

నమస్తే. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఆడపిల్లల సాఫ్ట్‌బాల్ టీమ్‌లను తీసుకెళ్లే పీఈటీలకూ, బెంచీలో కూర్చుని స్కోరు రాసే పిల్లలకూ ఈ వీడియో.

ఒక్కో అమ్మాయికి షీటులో మూడు నంబర్లుంటాయి. వీపు మీది జెర్సీ నంబరు ఒకటి. ఇది ఒకే టీమ్‌లో ఇద్దరికి ఉండకూడదు. రెండోది బ్యాటింగ్ వరుస, అంటే ఎన్నో బ్యాటర్‌గా వస్తుందో. మూడోది పొజిషన్ నంబరు, అంటే ఫీల్డింగ్‌లో నిలబడే చోటుకి ఉండే నంబరు: బంతి వేసే పిచర్ 1, క్యాచర్ 2, ఫస్ట్ బేస్ 3, సెకండ్ బేస్ 4, థర్డ్ బేస్ 5, సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ 6, తర్వాత లెఫ్ట్, సెంటర్, రైట్ ఫీల్డర్లు 7, 8, 9.

[క్లోజప్: పెన్సిల్‌తో "6-3" రాస్తున్న చెయ్యి.]

బంతి నేల మీద దొర్లుతూ వచ్చింది. షార్ట్‌స్టాప్ అందుకుని ఫస్ట్ బేస్‌కి విసిరింది. ఔట్. షార్ట్‌స్టాప్ జెర్సీ 14 అయినా సరే, రాయాల్సింది 6-3. కొత్తగా రాసేవాళ్లు 14 అని రాసేస్తారు.

ఇప్పుడు మా టీమ్‌కి జరిగింది చెప్తాను. ఒంగోలు వైపు ఒక మ్యాచ్. మా నాలుగో బ్యాటర్ జెర్సీ 11, ఐదో బ్యాటర్‌ది 17. ఒకరికి వదులు, ఇంకొకరికి బిగుతు. ఇన్నింగ్స్ మధ్యలో ఇద్దరూ మార్చేసుకున్నారు, నాకు చెప్పలేదు. నేను బ్యాటింగ్ వరుస రాసిన కార్డు చూసి "పదకొండు, వెళ్లు" అన్నాను. వెళ్లింది ఐదో అమ్మాయి. గట్టిగా కొట్టింది, రెండు పరుగులు వచ్చాయి. మేమింకా చప్పట్లు కొడుతుండగానే వరుస తప్పిందని అవతలి కోచ్ అంపైర్‌కి అప్పీల్ చేశాడు.

ఇలాంటప్పుడు అంపైర్ తనంతట తాను చెప్పడు, ఫీల్డింగ్ టీమే అడగాలి. తర్వాతి బ్యాటర్‌కి ఒక్క బంతి కూడా వేయకముందే అడిగారు కాబట్టి, అసలు రావాల్సిన నాలుగో అమ్మాయి ఔట్, పరుగులు రద్దు. ఔటైన అమ్మాయి తర్వాత వరుసలో ఉన్నది మళ్లీ ఆ ఐదో పిల్లే. కళ్లు తుడుచుకుంటూ మళ్లీ బ్యాట్ పట్టింది. ఆ ముఖం నాకు ఇంకా గుర్తుంది.

తర్వాతి బ్యాటర్‌కి ఒక్క బంతి పడ్డాక అడిగి ఉంటే పరుగులు నిలిచేవి. ఐదో అమ్మాయి ఇంకా బ్యాటింగ్ చేస్తుండగా మేమే గమనించి ఉంటే, సరైన అమ్మాయి వచ్చి అదే బాల్స్, స్ట్రైక్స్ లెక్కతో కొనసాగేది.

[దృశ్యం: అమ్మాయిలు వరుసగా నిలబడి, పేరు పిలవగానే వెనక్కి తిరిగి వీపు చూపిస్తున్నారు.]

అందుకే కార్డు అంపైర్‌కి ఇచ్చే ముందు ఇలా చేయండి. ఒక్కొక్కరి పేరు పిలిచి, వీపు మీది నంబరు కార్డుతో సరిచూడండి. మన టీమ్‌లలో ఇద్దరు శ్రావణిలు, ముగ్గురు లక్ష్మిలు మామూలే కదా, ఇంటిపేరు అక్షరంతో సహా రాయండి. సబ్‌స్టిట్యూట్ వస్తే, తప్పుకున్న అమ్మాయి వరుసలోనే రాయాలి. మొదట ఆడిన అమ్మాయి ఒక్కసారి తిరిగి రావచ్చు, అదీ తన పాత బ్యాటింగ్ వరుసలోకే.

మ్యాచ్ అయ్యాక ఒక లెక్క చూడండి. బ్యాటింగ్‌కి వచ్చినవాళ్ల మొత్తం ఎంతో, పరుగులు, బేస్‌ల మీద మిగిలినవాళ్లు, ఔట్లు కలిపితే అంతే రావాలి. 31 మంది వచ్చారనుకోండి: 5 పరుగులు, మిగిలినవాళ్లు 5, ఏడు ఇన్నింగ్స్‌కి 21 ఔట్లు. సరిపోయింది. ఒక్కటి తేడా వచ్చినా, గ్రౌండ్ వదలకముందే అవతలి స్కోరర్ షీటు పక్కన పెట్టి వెతకండి. మా పిల్లలు బస్సు ఎక్కేముందు ఇప్పుడు అదే పని చేస్తున్నారు.