విదేశ ప్రయాణానికి బీమా: దేనిని ముందు చూడాలి?

శ్రోతలకు నమస్కారం.

విదేశ ప్రయాణం నిశ్చయమైన నాటి నుంచి టికెట్లు, వీసా, బస, చూడవలసిన ప్రదేశాలు అంటూ వారాల తరబడి వివరాలు సేకరించేవారు సైతం, బీమా దగ్గరికి వచ్చేసరికి టికెట్టు కొనే వెబ్‌సైటులో చివరన కనిపించే గడిలో ఒక టిక్కు పెట్టి, ఆ పని అయిపోయిందనుకుంటారు. కొన్ని నెలల తర్వాత పరాయి దేశంలో, ఒంట్లో బాగాలేని స్థితిలో, ఆ పాలసీ పత్రాన్ని మొదటిసారి తెరిచి చదవవలసి రావడం కంటే నిస్సహాయమైన పరిస్థితి మరొకటి ఉండదు. పాలసీలో దేనిని ముందు చూడాలో, దేనిని తరువాత చూడాలో తెలిస్తే ఈ చిక్కును చాలావరకు తప్పించుకోవచ్చు. ఈనాటి ప్రసంగంలో ఆ క్రమాన్నే వివరిస్తాను.

ప్రయాణంలో ఎదురయ్యే నష్టాలన్నీ ఒక్క స్థాయివి కావు. సూట్‌కేసు పోతే బాధపడతాం, అవసరమైన బట్టలు కొనుక్కుంటాం, ప్రయాణం సాగుతుంది. మెట్ల మీద జారిపడి తుంటి ఎముక విరిగినా, గుండెపోటు వచ్చినా సంగతి వేరు. శస్త్రచికిత్స, ఐసీయూ, ఆ తర్వాతి రోజుల వైద్యం అన్నీ కలిసి ఒక కుటుంబం ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న సొమ్మును హరించగలవు. మన చేతి నుంచి భరించగలిగిన నష్టం కోసం ఎక్కువ ప్రీమియం కట్టి, భరించలేని నష్టానికి తక్కువ రక్షణ తీసుకోవడం తెలివైన పని కాదు. అందుకే పాలసీ చేతికి రాగానే వైద్య ఖర్చుల గరిష్ఠ పరిమితి ఎంతో చూడాలి. ఆ వెంటనే రోగిని స్వదేశానికి తరలించే ఖర్చు కూడా ఆ పరిమితిలోనే కలిసి ఉందా, విడిగా ఉందా అన్నది చూడాలి.

ఈ తరలింపు గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. కూర్చోలేని రోగిని మామూలు ప్రయాణికుల విమానంలో స్ట్రెచర్ మీద తీసుకురావాలంటే అనేక సీట్ల స్థలం కావాలి, వెంట డాక్టరో నర్సో ఉండాలి, విమాన సంస్థ వైద్య విభాగం ముందుగా అనుమతి ఇవ్వాలి. అదీ కుదరని పరిస్థితిలో ప్రత్యేకంగా ఎయిర్ అంబులెన్సును పిలిపించవలసి వస్తుంది. కొన్ని సందర్భాల్లో చికిత్స ఖర్చు కంటే ఈ ఖర్చే మించిపోతుంది. దుర్ఘటన జరిగి ప్రాణం పోతే భౌతికకాయాన్ని స్వదేశానికి చేర్చే ఖర్చు కూడా పాలసీలో ఉండాలి. వినడానికి కష్టంగా ఉన్నా, కుటుంబ సభ్యులు ఆ క్షణంలో డబ్బు కోసం వెతుక్కునే పరిస్థితి రాకూడదు.

ఐరోపాలో ఒకే వీసాతో తిరగగలిగే 29 షెంగెన్ దేశాలకు స్వల్పకాలిక వీసా కోరేవారు కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపించాలన్న నిబంధన చాలామందికి తెలిసిందే. ఆ అంకె 2004 నుంచి మారలేదు. అది వీసాకు కనీస అర్హత మాత్రమేనని గ్రహించకుండా, సరిగ్గా ఆ మొత్తానికే పాలసీ తీసుకుని నిశ్చింతగా ఉండేవారిని చూస్తే నాకు ఆందోళన కలుగుతుంది. ఇక అమెరికా వంటి దేశంలో వైద్యం ఎంత ఖరీదైనదో తెలియనివారు లేరు. బీమా సంస్థలు అనేక పాలసీలను “అమెరికా, కెనడా మినహా ప్రపంచమంతా” అన్న విభజనతో అమ్మడానికి కారణం అదే. తక్కువ ప్రీమియం కనిపించినప్పుడు, మీరు వెళ్లే దేశమే కాక, దారిలో విమానం మారే దేశం కూడా ఆ పాలసీ పరిధిలో ఉందో లేదో చూసుకోండి.

పరిమితి ఎంత పెద్దదైనా, ఆపద సమయంలో ఫోను ఎత్తేవారు లేకపోతే ప్రయోజనం తక్కువ. ఆసుపత్రిలో జరిగేది ఇది: చేర్చుకునే ముందు బిల్లు ఎవరు కడతారని కౌంటరులో అడుగుతారు. రోగి వెంట ఉన్నవారు బీమా సంస్థ సహాయ కేంద్రానికి ఫోను చేసి పాలసీ నంబరు, రోగి పేరు, ఆసుపత్రి పేరు చెప్పాలి. ఆ కేంద్రం ఆసుపత్రితో మాట్లాడి, ఖర్చు తాము చెల్లిస్తామని హామీ పత్రం పంపుతుంది. అలా పంపే ఏర్పాటు లేని పాలసీ అయితే ముందు మీరే మొత్తం కట్టి, ఇంటికి వచ్చాక తిరిగి రాబట్టుకోవాలి. కాబట్టి ఆ సహాయ కేంద్రం 24 గంటలూ పనిచేస్తుందా, మీకు అర్థమయ్యే భాషలో మాట్లాడుతుందా అని పాలసీ కొనకముందే ఒకసారి ఫోను చేసి చూడండి. ఆసుపత్రిలో చేరిన విషయం ఇన్ని గంటల్లోగా తెలియజేయాలన్న షరతు కూడా చాలా పాలసీల్లో ఉంటుంది.

అన్నిటికంటే ఎక్కువ వివాదాలకు దారితీసేది, ముందునుంచీ ఉన్న జబ్బుల సంగతి. రక్తపోటు, మధుమేహం, ఆస్తమా వంటివాటిని దరఖాస్తులో రాస్తే ప్రీమియం పెరుగుతుందనో, పాలసీ ఇవ్వరనో కొందరు దాచిపెడతారు. క్లెయిమ్ వచ్చినప్పుడు సంస్థ మొదట తెప్పించుకునేవి పాత వైద్య రికార్డులే అన్న సంగతి మరచిపోతారు. జబ్బు చెబితేనే సరిపోదు, అది పాలసీ చెప్పిన కాలమంతా నిలకడగా ఉండాలన్న షరతు కొన్నిటిలో ఉంటుంది. ప్రయాణానికి కొద్ది వారాల ముందు డాక్టరు రక్తపోటు మాత్ర మోతాదు మార్చినా, కొన్ని పాలసీల లెక్కలో అది నిలకడ తప్పినట్టే. పెద్దవయసు తల్లిదండ్రులను వెంట తీసుకువెళ్లేవారు ఈ ఒక్క నిబంధనను పదం పదం చదవాలని, అర్థం కానిచోట సంస్థను అడిగి జవాబును రాతపూర్వకంగా తీసుకోవాలని మనస్ఫూర్తిగా కోరుతున్నాను.

తరువాత చూడవలసింది మినహాయింపుల జాబితా. మద్యం మత్తులో జరిగిన ప్రమాదం, తగిన లైసెన్సు లేకుండా నడిపిన మోటారుసైకిలు, స్కూబా డైవింగ్, స్కీయింగ్ వంటివి అందులో తరచు కనిపిస్తాయి. కొండలెక్కేవారికి ఎత్తు పరిమితి ముఖ్యం. ఎవరెస్టు బేస్ క్యాంపు 5,364 మీటర్ల ఎత్తున ఉంది, కిలిమంజారో శిఖరం 5,895 మీటర్లు. అంతకంటే ఎంతో తక్కువ ఎత్తులోనే రక్షణ ఆగిపోయే పాలసీతో అక్కడికి వెళ్తే, హెలికాప్టరు ఖర్చు మీ మీదే పడుతుంది.

ప్రయాణం రద్దు కావడానికి ఇచ్చే పరిహారంలోనూ, ఏ కారణాలకు ఇస్తారన్నదే అసలు విషయం. 2010 ఏప్రిల్‌లో ఐస్‌లాండులోని అగ్నిపర్వతం బూడిద చిమ్మినప్పుడు ఐరోపా గగనతలం రోజుల తరబడి మూతపడింది, దాదాపు లక్ష విమానాలు రద్దయ్యాయి. వాతావరణం బాగాలేకపోతే పరిహారం ఇస్తామన్న పాలసీల్లో ఆ బూడిద వాతావరణం కిందికి వస్తుందా రాదా అని పెద్ద వాదమే నడిచింది. కొన్ని సంస్థలు చెల్లించాయి, కొన్ని నిరాకరించాయి. తుపానో సమ్మెనో అందరికీ తెలిసిపోయిన తర్వాత కొన్న పాలసీ, సాధారణంగా ఆ సంఘటనకు వర్తించదు. అందువల్ల టికెట్టు కొన్న కొద్ది రోజుల్లోనే బీమా తీసుకోవడం మేలు.

క్రెడిట్ కార్డుతో ఉచితంగా వచ్చే బీమాను నమ్ముకునేవారు, ఆ కార్డుతోనే టికెట్టు కొనాలన్న షరతు ఉందేమో, వైద్య పరిమితి ఎంతో చూసుకోవాలి. ఏడాదికి పలుమార్లు వెళ్లేవారికి వార్షిక పాలసీ చవకే కానీ, ఒక్కో ప్రయాణానికి ఇన్ని రోజులకు మించరాదన్న పరిమితి అందులో ఉంటుంది.

సామాను సంగతిని చివరకు ఉంచడానికి కారణం ఉంది. 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం వర్తించే అంతర్జాతీయ ప్రయాణంలో, అప్పగించిన సామానుకు విమాన సంస్థే కొంత మేరకు బాధ్యత వహిస్తుంది. అయితే ఆ పరిహారం పొందాలంటే, సామాను దెబ్బతిన్నప్పుడు అది చేతికి అందిన 7 రోజుల్లోగా, ఆలస్యంగా అందినప్పుడు 21 రోజుల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. బీమా సంస్థ కూడా అవే పత్రాలు అడుగుతుంది కాబట్టి విమానాశ్రయం విడిచి వెళ్లకముందే విమాన సంస్థ కౌంటరులో ఫిర్యాదు నమోదు చేయించి ప్రతి తీసుకోండి. దొంగతనమైతే పోలీసు నివేదిక, వైద్యమైతే అసలు బిల్లులు, డాక్టరు రాసిన వ్యాధి వివరం, డబ్బు కట్టిన రసీదులు తప్పనిసరి. పాలసీ నంబరు, సహాయ కేంద్రం ఫోను నంబరు ఒక కాగితం మీద రాసి పాస్‌పోర్టుతో ఉంచుకుని, పాలసీ ప్రతి ఒకటి ఇంట్లో ఉన్నవారికి కూడా పంపండి. నమస్కారం.