పున్నమి బొమ్మలో వెన్నెల ఎక్కడ?

(చెన్నైలో తెలుగు చిత్రకళాభిమానుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

చెన్నైలో ఉన్న తెలుగువాళ్లం ఒక విషయంలో అదృష్టవంతులం. మనకు తూర్పున సముద్రం. పున్నమి చంద్రుడు ఏ మేడా అడ్డం లేకుండా నీళ్లలోంచి లేచి వస్తాడు. బెసంట్ నగర్ బస్సెక్కితే చాలు. అయితే ఆ తీరంలో కూర్చుని వేసిన బొమ్మలు చూసినప్పుడల్లా నాకొక వెలితి కనిపిస్తుంది. చంద్రుడు ఉంటాడు, వెన్నెల ఉండదు. ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది ఆ వెన్నెల గురించే.

మన ఆదికవికి ఈ సంగతి బాగా తెలుసు. అరణ్యపర్వంలో నన్నయ శారద రాత్రులను వర్ణించిన పద్యం మీలో చాలామందికి కంఠతా వచ్చే ఉంటుంది. బింబం ఎలా ఉందో అందులో ఆయన చెప్పలేదు. తారల వరుసలు చెప్పాడు, అప్పుడే విచ్చిన కలువల పరిమళం మోసుకొచ్చే గాలిని చెప్పాడు, కర్పూరపు పొడి చల్లినట్టు ఆకాశమంతా నిండిన తెలుపును చెప్పాడు. ఈ వెలుగుది ఏ రంగు, ఎంత మేర పరుచుకుంది అని కుంచె పట్టినవాళ్లు అడగవలసిన ప్రశ్నలకు జవాబులన్నీ అక్కడే ఉన్నాయి.

బింబాన్ని వేయవద్దని కాదు. వేసేముందు సరిగా చూడమంటాను. చేయి చాచి చిటికెన వేలు అడ్డం పెట్టండి. గోటి వెడల్పులో సగం చాలు, చంద్రుడు దాక్కుంటాడు. నీటి అంచున ఉన్నా, నడినెత్తికి వచ్చినా కొలత దాదాపు ఒకటే. లేచేటప్పుడు పెద్దగా అనిపించడం మన చూపు చేసే మాయ. నిజానికి పైకి వచ్చాకే మనకు కాస్త దగ్గరవుతాడు. మీకు పెద్దగా తోచింది కాబట్టి పెద్దగానే వేస్తానంటే నేను కాదనను. అంచుల్లో నీడ దిద్ది బంతిలా చేయడం మాత్రం నాకు సమ్మతం కాదు. పున్నమినాడు సూర్యుడు మన వెనకవైపు నుంచి చంద్రుడి ముఖం మీద నిటారుగా వెలుగు వేస్తాడు. అక్కడి నేల గరుకైన దుమ్ము. అందుకే నడుమ ఎంత కాంతో అంచునా దాదాపు అంతే, పూర్ణచంద్రుడు పళ్లెంలా చదునుగా కనిపిస్తాడు. నీటిరంగుల్లో అయితే అక్కడ కాగితాన్ని తెల్లగా వదిలేయండి. ఏ తెల్లరంగూ ఆ పని అంత బాగా చేయలేదు.

మచ్చల సంగతీ చెప్పాలి. బింబం అంచుకు దగ్గరగా, మిగతా మచ్చలతో కలవకుండా ఒక చిన్న కోలమచ్చ ఉంటుంది. మన తీరంలో చంద్రుడు లేచేటప్పుడు అది పైభాగాన ఉంటుంది, తెల్లవారుజామున పడమట వాలేసరికి కిందికి వస్తుంది. అంటే మన కుందేలు రాత్రంతా మెల్లగా పొర్లుతూనే ఉంటుంది. ఎవరో తీసిన ఫోటో చూసి మచ్చలు వేస్తే, సముద్రం మీద నడిరాత్రి చంద్రుణ్ణి అతికించినట్టు ఉంటుంది.

ఇక అసలు వేళ. పున్నమినాడు సూర్యాస్తమయం, చంద్రోదయం ఇంచుమించు ఒకే సమయానికి జరుగుతాయి. అప్పుడు తూర్పు వైపు చూడండి. సముద్రం మీద బూడిద కలిసిన నీలి పట్టీ ఒకటి లేస్తుంది. అది మన భూమి నీడ. దాని పైన లేత గులాబీ రంగు. ఆ రెండింటి మీదుగా చంద్రుడు నారింజ రంగులో మొదలై, పసుపు తిరిగి, తెల్లబడతాడు. ఆకాశం కాంతి, చంద్రుడి కాంతి ఒకదాన్నొకటి మింగేయని సమయం అదొక్కటే, అరగంటకు మించదు. పెన్సిలు గీతలు ముందే గీసుకుని సిద్ధంగా ఉండండి. రెండు నిమిషాలకోసారి చంద్రుడు తన వెడల్పంత దూరం జరిగిపోతాడు, మీ కోసం ఆగడు.

చీకటి పడ్డాక చంద్రుడికి వీపు పెట్టి కూర్చోండి. బెసంట్ నగర్ ఇసుకలో, ఇతరులను కాపాడబోయి సముద్రంలో మునిగిపోయిన కార్ల్ ష్మిత్ పేరిట కట్టిన తెల్లటి స్మారకం ఉంది కదా, దాన్ని సముద్రం వైపు నుంచి చూడండి. దీపాల వెలుగు తక్కువ పడే చోటు వెతుక్కుని, కళ్లు అలవాటు పడేందుకు ఇరవై నిమిషాలు ఫోను ముట్టకుండా ఉండండి. అప్పుడు ఆ తెల్లగోడ లోపలినుంచి వెలుగుతున్నట్టు అనిపిస్తుంది. పక్కన ఎర్రచీర కట్టుకున్నవారు నిలబడితే ఆ ఎరుపు దాదాపు నల్లబడిపోతుంది. నీలాలు మాత్రం నిలుస్తాయి. వెన్నెల నిజానికి ఎండకంటే కాస్త ఎర్రనిదే. మసక వెలుగులో మన కన్ను ఎరుపును కోల్పోతుంది కాబట్టి నీలంగా తోస్తుంది. నీడల అంచులు ఎండలో ఉన్నంత పదునుగా ఉంటాయి, నీడ లోపల మాత్రం ఏ వివరమూ ఉండదు. ఆ నీడలకు నలుపు డబ్బా తెరవకండి. అల్ట్రామెరైన్‌ అనే నీలంలో బర్ంట్ సియెన్నా అనే గోధుమ రంగు కలిపితే వచ్చే చీకటిలో ప్రాణం ఉంటుంది.

రష్యా చిత్రకారుడు అర్ఖిప్ కుయింజీ ద్నీపర్ నది మీద వెన్నెల రాత్రిని వేసి 1880లో ఆ ఒక్క బొమ్మనే చీకటి చేసిన గదిలో ప్రదర్శించాడు. కాన్వాసు వెనక దీపం దాచాడేమోనని జనం అనుమానపడ్డారు. అందులో చంద్రుడు చిన్నవాడే. చుట్టూ నేలనూ ఆకాశాన్నీ ఆయన అంత చీకటిగా ఉంచబట్టే నది అలా మెరిసింది. వెన్నెలను వేయడమంటే చాలావరకు చీకటిని ఓపికగా వేయడమేనని నేను గట్టిగా నమ్ముతాను.

మన ఊళ్లో ఒక చిక్కుంది. అక్టోబరు మూడో వారం ప్రాంతంలో ఈశాన్య రుతుపవనాలు వస్తాయి. ఆశ్వయుజ పున్నమికి మబ్బు పట్టవచ్చు, కార్తిక పున్నమికి వానే కురవవచ్చు. పున్నమి తప్పిపోతే అట్లతద్ది ఉంది. చంద్రోదయం రోజుకు సగటున 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది కాబట్టి, తదియనాటికి చంద్రుడు బాగా చీకటి పడ్డాకే వస్తాడు. అట్లు తినడానికి ఆడపిల్లలు ఎలాగూ ఆయన కోసం మేడ మీద ఎదురుచూస్తారు. వాళ్ల చేతికి మందపాటి కాగితం, ఒక నీలం, ఒక గోధుమ రంగు ఇచ్చి పంపండి.