వానాకాలం టైర్లు (అనుకున్నాం)

మాధవి: నమస్కారం. పోయినవారం మాట ఇచ్చినట్టే ఈరోజు వానాకాలంలో టైర్ల సంరక్షణ. గాలి సరిచూసుకోవాలి, టైరు మీది గాడులు అరిగితే మార్చుకోవాలి...

శేఖర్: గాలి అన్నావు కాబట్టి, బంకుల్లో గాలికి బదులు టైర్లకు నింపే ఆ నైట్రోజన్...

మాధవి: అప్పుడేనా!

శేఖర్: మామూలు గాలిలోనే అది 78 శాతం ఉంది. అంతే అన్నాను.

మాధవి: అత్తాపూర్ బంకులోనూ అంతే అన్నావు. (నవ్వులు) ఒక శ్రోత అడిగారు: గచ్చిబౌలి నుంచి శంషాబాద్ వైపు హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద వెళ్తుంటే 90 కిలోమీటర్ల వేగం దగ్గర స్టీరింగ్ వణుకుతోందట, 110 దాటితే తగ్గుతోందట. అలైన్‌మెంట్ చేయించాలా అని.

శేఖర్: అందరూ ఇదే! అలైన్‌మెంట్ చక్రాల కోణాల సంగతి. అది తప్పితే బండి పక్కకు లాగుతుంది. వణుకు బరువు సంగతి. చక్రం చుట్టూ బరువు సమానంగా లేకపోతే వస్తుంది, దాన్ని సరిచేయడమే బ్యాలెన్సింగ్.

మాధవి: అలైన్‌మెంట్ తప్పి టైరు ఎగుడుదిగుడుగా అరిగితే వణకదా?

శేఖర్: వణుకుతుంది. కానీ ఈయన చెప్పినది బ్యాలెన్సింగే. 15 అంగుళాల రిమ్ము అంచున 20 గ్రాముల తేడా ఉందనుకో. వంద వేగంలో చక్రం సెకనుకు 15 సార్లు తిరుగుతుంది. ఆ 20 గ్రాములే మూడు కిలోల బలంతో బయటికి లాగుతాయి. వేగం రెట్టింపైతే ఆ బలం నాలుగు రెట్లు.

మాధవి: అలాగైతే 110 దాటాక పెరగాలి కదా, తగ్గడం ఏమిటి?

శేఖర్: సస్పెన్షన్‌కు సొంత ఊపు ఒకటి ఉంటుంది. చక్రం ఊపు దానితో కలిసిన చోటే వణుకు పెద్దదవుతుంది. తగ్గినంత మాత్రాన లోపం పోలేదు.

మాధవి: ప్రతిదీ బ్యాలెన్సింగ్ అంటే నేను ఒప్పుకోను. మా వీధి దుకాణంలో బరువు సరిచేయడానికి రిమ్ముకు సీసం ముక్కలు కొట్టి, యంత్రంలో సున్నా చూపించి పంపారు. వణుకు మాత్రం పోలేదు. చివరికి తేలిందేమిటంటే రిమ్ము వంగింది!

శేఖర్: వంగిన రిమ్మునూ యంత్రం సున్నా చేస్తుంది. బరువు సరిపోతుంది కానీ గుండ్రం రాదు. తిరుగుతున్నప్పుడు అంచు ఊగుతోందేమో కంటితో చూడాలి.

మాధవి: చూడలేదు. పైగా "మన రోడ్లు అంతే మేడం" అన్నారు.

శేఖర్: ఆ మాట అబద్ధం కాదు...

మాధవి: నువ్వు వాళ్ల పక్షమా?

శేఖర్: గుంతల పక్షం! సరే, కోపం వద్దు. బ్రేకు తొక్కినప్పుడే వణికితే డిస్కు చూపించాలి. యాక్సిలరేటరు తొక్కినప్పుడే అయితే ఇంజిన్ బలాన్ని చక్రాలకు చేర్చే డ్రైవ్ షాఫ్టు జాయింటు. స్టీరింగ్‌లో కాక సీటు కింద తెలిస్తే వెనక చక్రాలు. వానలో తిరిగివచ్చాక మొదలైతే రిమ్ము లోపల బురద ఎండి ఉంటుంది, కడిగితే చాలు.

మాధవి: హమ్మయ్య, వానాకాలం వచ్చింది.

శేఖర్: టైరు పక్కన ఉబ్బు కనిపిస్తే మాత్రం ఇవేవీ వద్దు, మార్చేయాలి. అందులో నైట్రోజన్ నింపినా...

మాధవి: శేఖర్!

శేఖర్: సరే, సరే.

మాధవి: ఇంకొకరు తమ పాత కారుకు బ్యాలెన్సింగ్ ఎప్పుడెప్పుడు చేయించాలని అడిగారు.

శేఖర్: ముందు టైరు మీది నాలుగంకెలు చదవాలి. 2314 అంటే 2014లో 23వ వారం తయారీ.

మాధవి: అడిగింది అది కాదు కదా.

శేఖర్: అంత పాత టైరుకు ముక్కలు కొట్టించి ఏం లాభం?

మాధవి: ఆయన టైర్లు ఎప్పటివో నీకేం తెలుసు?

శేఖర్: ఫోను చేసి అడుగుదాం. నంబరు ఉందా?

మాధవి: ఉంది, ఆగు...