ముందు అది మానేసి రా అనకండి

అందరికీ నమస్కారం. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ నుంచి వచ్చిన సిస్టర్లు, కౌన్సెలర్లు, ఆశా అక్కలు అందరూ ఉన్నారు కాబట్టి ఉపోద్ఘాతం లేకుండా విషయానికి వస్తాను: మానసిక జబ్బూ, మత్తు అలవాటూ రెండూ ఉన్న మనిషిని ఎలా చూసుకోవాలి అని.

చెవిలో ఎవరో మాట్లాడుతున్నారని వచ్చిన కుర్రాడు గంజాయి కూడా కొడుతున్నాడని తెలిస్తే మనం ఏమంటున్నాం? ముందు అది మానేసి రా అంటున్నాం. డీఅడిక్షన్ సెంటర్‌కి పోతే, ఇతనికి మెంటల్ ఉంది, ముందు అది చూపించుకోండి అంటారు. ఈ రెండు గుమ్మాల మధ్య తిరగలేక ఆ తల్లి ఆసుపత్రికని బరంపురం బస్సెక్కడం మానేసి ఊళ్లో మంత్రం వేసే దిసారి దగ్గరికి పోతుంది, ఆమెనేం తప్పుపడతాం. బ్రిటన్‌లో వైద్యానికి మార్గదర్శకాలిచ్చే సంస్థ నైస్ 2011లో ఇచ్చినవి ఇలా తిప్పి పంపడం కుదరదనే చెప్పాయి. మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా మద్యం, డ్రగ్స్ దుర్వినియోగంతో ముడిపడ్డ మానసిక స్థితులను మానసిక అనారోగ్యంలోనే చేర్చింది.

సరే, ట్రైనింగ్‌లో నేర్చుకోవాల్సిందేంటి? మొదటిది అడగడం. తాగుతావా అంటే లేదనే అంటారు, ఎందుకంటే పండక్కి, పెళ్లికి పుచ్చుకునే ఇప్పసారా, జీలుగు కల్లు చాలామంది తాగుడు లెక్కలోనే వేసుకోరు. పేరుపెట్టి అడగండి. ఆఖరిసారి ఎప్పుడని తప్పకుండా అడగండి. రోజూ బాగా తాగే మనిషి ఉన్నట్టుండి మానేస్తే రెండు నుంచి నాలుగు రోజుల్లో చేతులు వణికి, చెమటలు పట్టి, గోడమీద పురుగులున్నాయని కేకలు వేయొచ్చు, తానెక్కడున్నాడో కూడా తెలియకపోవచ్చు. అది విత్‌డ్రాయల్, అంటే మత్తు ఆగిపోవడం వల్ల వచ్చే స్థితి. పిచ్చి అని సూది వేసి ఊరుకుంటే ప్రాణం పోవచ్చు, వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి. థయమిన్ (విటమిన్ బి1) ఇవ్వకుండా ఉత్త గ్లూకోజ్ ఎక్కించకూడదు.

ఇంకోటి, కూరలో రహస్యంగా కలిపే తాగుడు మాన్పించే మాత్ర. చాలాసార్లు అది డైసల్ఫిరామ్. దాని మీద తాగితే ప్రాణం మీదకొస్తుంది, సైకోసిస్ ఉంటే, అంటే లేనివి వినపడే, లేనిపోని అనుమానాలొచ్చే జబ్బు ఉంటే, భ్రమలు ఎక్కువ కావచ్చు. పైగా అన్నంలో ఏదో కలుపుతున్నారని ముందే అనుమానపడే మనిషికి నిజంగానే కలిపితే, ఇంక మన మాత్ర ఎందుకు మింగుతాడు? ఈ సంగతి అమ్మకీ భార్యకీ ముందే చెప్పాలి.

ఎందుకు తాగుతున్నావని నిలదీయొద్దు, తాగితే నీకేం హాయి అని అడగండి. నిద్ర పడుతుంది, చెవిలో వినపడే గొంతులు కాస్త తగ్గుతాయి, మీ మాత్రలకి ఒళ్లు బిగుసుకుపోతోంది అంటారు. అక్కడే మన పని దొరుకుతుంది, డోసు చూడాలా, మందు మార్చాలా అని డాక్టర్‌తో మాట్లాడొచ్చు. ఇలా నిలదీయకుండా అడిగి మాట్లాడించడాన్నే మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అంటారు, మిల్లర్ అనే సైకాలజిస్టు దీని గురించి 1983లో రాశాడు. స్లయిడ్లు చూసి, భోజనం చేసి, సర్టిఫికెట్ పట్టుకెళ్తే ఇది రాదు (అవి ఇస్తాం లెండి, టెన్షన్ పడకండి). నెలకోసారి మీ కేసులు తెచ్చి పదిమందిలో పెట్టి మాట్లాడుకుంటేనే చేతికొస్తుంది.

ఇప్పుడు ఇద్దరిద్దరు కూర్చోండి, ఒకరు పేషెంటు, ఒకరు సిస్టర్. తెలుగులో చేయండి, ఒడియాలో చేయండి, కువి, సవర వచ్చినవాళ్లు వాటిలోనే చేయండి, ఇంగ్లిషులో మాత్రం వద్దు.